ప్రభుదాసన్న నూటొక్కటి

సీతాఫల్‌మండి మొత్తం మీద గోల్ఫ్ ఆడే మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ మా పక్కింట్లోనే ఉండటం నా ప్రాప్తం. మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒకే గోడ. పొద్దున అయిదున్నరకల్లా ఆ గోడకవతల 'టక్' మని మొదలవుతుంది. ప్రభుదాసన్న దండెం మీద పాత బొంత ఆరేసి, దానికేసి బంతులు కొడుతుంటాడు. గురి తప్పిన బంతి వచ్చి మా గోడకు తగులుతుంది. చాలాకాలం ఆ 'టక్' వెనకే వంటింట్లోంచి ఒక ఆడగొంతు కూడా వినపడేది. "ఒకటి" అనేది. మళ్లీ టక్. "రెండు." అలా యాభై దాకా నడిచేది. యాభై కాగానే "ఇంక చాలు, నీళ్లు కాగాయి" అనేది. ఆ గొంతు అన్న భార్యది, ప్రేమమణి టీచరుది.

నాకు ఆ ఆటంటే మంట. కోడిగుడ్డంత లేని బంతిని కర్రతో కొట్టడం, దాని వెనకే ఎండలో మైళ్లకు మైళ్లు నడవడం, చివరికి దాన్ని ఓ గుంతలో వెయ్యడం, వేసిందాన్ని మళ్లీ తీసి ఇంకో గుంత వెతుక్కుంటూ పోవడం. అలా పద్దెనిమిది గుంతలు. ఎన్ని తక్కువ దెబ్బలతో పద్దెనిమిదీ పూర్తి చేస్తే అంత గొప్ప. డబ్బున్నవాళ్లు పొద్దుపోక ఆడుకున్నారంటే అర్థముంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు లేత్ మిషన్ మీద నిలబడిన మనిషికి ఎందుకు ఈ గోల?

తప్పు ఆ లేత్‌దే. ఒకరోజు పెద్ద ఆఫీసరొకాయన విరిగిన గోల్ఫ్ కర్ర తెచ్చి అతికించగలవా అని అడిగాడట. ఈయన లోపలికి సరిపోయే ఉక్కు ముక్క లేత్ మీద చెక్కి, బిగించి, ఎక్కడ విరిగిందో వేలితో తడిమినా తెలియకుండా చేసి ఇచ్చాడు. ఆఫీసరు సంతోషం పట్టలేక తన పాత కర్ర ఒకటి చేతిలో పెట్టాడు. ఊరికే వచ్చిన ఆ కర్ర మనిషిని పట్టుకుంది. మిగతావి జుమ్మేరాత్ బజార్‌లో పాత ఇనుము కుప్పల్లోంచి ఏరుకొచ్చాడు. మొత్తం ఆరు కర్రలు. ఏ రెండింటికీ పోలిక లేదు. పిడులకు షటిల్ బ్యాట్లకు చుట్టే టేపు చుట్టాడు. చేతికి వర్క్‌షాపు కాటన్ గ్లవ్, వేళ్ల చివర్లు కత్తిరించింది. అన్నీ పెట్టుకోవడానికి చిరిగిన క్రికెట్ సంచీ ఒకటి. ఆ సంచీ భుజాన వేసుకుని గల్లీలో పోతుంటే పెద్దమనిషి మ్యాచ్ ఆడబోతున్నాడని పిల్లలు దారిచ్చేవాళ్లు.

సామాన్లు సమకూరాయి కానీ ఆడేది ఎక్కడ? మన సికింద్రాబాద్‌లో గోల్ఫ్ మైదానాలు లేక కాదు. ఉన్నాయి, సభ్యులకు. అన్న వాటి ప్రహరీ పక్కనుంచి సైకిల్ మీద పోతూ పచ్చగడ్డి చూసుకోవడమే. బయటివాణ్ని ఒక్కరోజుకు రానిచ్చే మైదానం ఆయనకు దొరికింది విశాఖపట్నంలో. అదీ ఎలా ఆడాలో ఆయన కనిపెట్టిన పద్ధతి ఉంది. రైలుకు రైల్వే పాసు. ఉండటానికి రైల్వేవాళ్ల హాలిడే హోమ్. వెళ్లేది మే నెలలో, ఎందుకంటే ఉక్కపోతకు జడిసి ఆ నెలలో మైదానానికి ఎవరూ రారు. ఆడేది పొద్దున పదకొండు తర్వాత, ఎందుకంటే ఆ ఎండకు సగం రుసుమే. సంచీ మోసేవాణ్ని పెట్టుకోడు. బంతులు పొదల్లో దొరికినవి ఏరి అమ్ముతారు, అవి కొంటాడు. మధ్యాహ్నానికి స్టీలు డబ్బాలో పెరుగన్నం, మామిడికాయ ముక్క. సెలవులంటే అందరూ చల్లటి చోటికి పోతారు. ప్రభుదాసన్న కుటుంబం మాత్రం ఏడాదికోసారి ఉడకడానికి పోయేది.

కుటుంబమంటే ఇద్దరే. పిల్లలు లేరు.

ప్రేమమణి టీచర్ గురించి నేను చెప్పకపోతే ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఆవిడ లెక్కలు చెప్పిన మిషన్ స్కూల్లోనే నేను గుమాస్తాను. బాపట్ల మనిషి. మనిషి సన్నం, మాట కచ్చితం. పేపర్లు దిద్ది మార్కులు కూడి నాకిస్తే నేను రిజిస్టర్లో ఎక్కించేవాణ్ని. ఇరవై తొమ్మిదేళ్లలో ఆవిడ కూడికలో ఒక్క తప్పు నేను చూడలేదు. నా కూడికల్లో ఆవిడ ఎన్ని పట్టుకుందో ఇప్పుడు ఎందుకు లెండి. ఎర్ర పెన్నుతో మొత్తం వేసి చుట్టూ సున్నా చుట్టేది. ఒకసారి అన్న ఇంట్లో ఊరికే కూర్చుని ఆవిడ కట్టలోంచి ఒక పేపరు తీసి, మార్కులు సరిగ్గా కూడిందా లేదా అని చూశాడట. తప్పేం దొరకలేదు. కానీ చూసినందుకు ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ టీచరమ్మే విశాఖలో నల్ల గొడుగు పట్టుకుని, పద్దెనిమిది గుంతలూ ఆయన వెనకే నడిచి, దెబ్బలు లెక్కపెట్టి కార్డు రాసేది. ఆవిడ ముందు మొహమాటాల్లేవు. కర్ర ఊపితే బంతికి తగలకపోయినా ఒక దెబ్బ కిందే లెక్క. ఓ ఏడాది చెమటకు పిడి జారి కర్ర వెళ్లి జీడిమామిడి తోటలో పడిందట, బంతి ఉన్నచోటే ఉంది. "అదీ ఒకటే" అని రాసేసిందట. "మన ఎండ కొడుతది తిరుమల్, ఆ ఎండ నాకుతది. ఆమె మాత్రం చెమట తుడుచుకోకుండా రాసేది" అని అన్న నాకు చెప్పేవాడు. ఆడడం అయ్యాక ఇద్దరూ సముద్రం కనిపించే చోట కూర్చుని పెరుగన్నం తినేవాళ్లు. తిన్నాక ఆవిడ కార్డు ఒళ్లో పెట్టుకుని మొత్తం కూడేది. కూడిక ఆవిడ పని. తనకు లెక్కలు రావని అన్న అందరి దగ్గరా చెప్పుకునేవాడు.

ఇక అసలు తంటా వచ్చింది చర్చి నుంచి. శ్రమల దినాలని ఈస్టర్‌కు ముందొచ్చే నలభై రోజుల్లో వాళ్లు ఏదో ఒకటి మానుకుంటారు. ఓ ఏడు, అంటే పదకొండేళ్ల కింద, వాళ్లింట్లో గృహ ప్రార్థన జరిగింది. నేనూ వెళ్లాను, పక్కిల్లు కదా. ఒకరు కాఫీ మానేస్తామన్నారు, ఇంకొకావిడ సీరియళ్లన్నది. సంఘపెద్ద దేవానందం గారు నవ్వుతూ, ప్రభుదాస్ ఆ దొరల ఆట మానుకుంటే దేవుడికీ పక్కింటివాళ్లకీ సంతోషం అన్నారు. అందరూ నవ్వారు. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. అన్న మొహం ఎర్రబడింది. లేచి నిలబడి, "నూరు లోపల ముగించిన రోజు కర్రలు దానం ఇచ్చేస్త. మళ్ల ముట్టుకోను. దేవుని ముందట చెప్తున్న" అన్నాడు. అప్పటికి ఆయన ఆట నూట ఇరవై దగ్గరుంది. పాస్టరు జెరెమియా గారు కళ్లు మూసుకుని "ఆమేన్" అన్నారు. గది మొత్తం "ఆమేన్" అంది. వాళ్లలో ఆమేన్ పడిందంటే ఇక వెనక్కి తీసుకునేది లేదు. టీచర్ మాత్రం చాపల అంచు సర్దుతూ ఉండిపోయింది. ఆమేన్ అన్నదో లేదో నేను గమనించలేదు.

అప్పటినుంచి ప్రతి మే నెలాఖర్లో గల్లీకి అదో తమాషా. సంచీ వేసుకుని అన్న దిగగానే ఇస్త్రీ బండి పర్వతాలు అడిగేవాడు: ఎంతొచ్చింది? నూట పదిహేను. మరుసటేడు నూట తొమ్మిది. నూట ఆరు. నూట మూడు. ఆ తర్వాత నూటొక్కటి. ఇంకేముంది, వచ్చే ఏడు గ్యారంటీ అనుకున్నాం. మళ్లీ నూటొక్కటి. కరోనా రెండేళ్లు ప్రయాణమే లేదు. తర్వాత వెళ్తే నూటొక్కటి. ఆ పైయేడూ నూటొక్కటే. గల్లీలో ఆయన పేరే నూటొక్కటయిపోయింది. "నూటొక్కటన్న ఇంట్ల ఉన్నడా?" అని అడిగేవాళ్లు. రెండు దెబ్బలు తగ్గిస్తే చాలు, కల తీరుతుంది, మా గోడకు శాంతి దొరుకుతుంది. ఇంత కష్టపడే మనిషి ఆ రెండు దగ్గరే ఏటేటా ఆగిపోవడం చూసి నేను కూడా పాపం అనుకునేవాణ్ని.

ఆఖరి నూటొక్కటి తర్వాత నాలుగు నెలలకు టీచర్ పోయింది. గుండె. స్కూలు మానేసి అప్పటికి మూడేళ్లు. పొద్దున చర్చికి బయలుదేరుతూ చెప్పులు వేసుకోవడానికి వంగిన మనిషి లేవలేదు.

టక్ మన్న చప్పుడు ఆగిపోయింది. నిజం చెప్పాలంటే మొదటి నెల హాయిగా నిద్రపోయాను. తర్వాత అయిదున్నరకు నాకే మెలకువ వచ్చి, గోడవైపు చెవి పెట్టి పడుకునేవాణ్ని. అవతల ఏమీ లేదు. గ్లాసు పెట్టిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు. ఒక మనిషి ఒక్కడే ఇంట్లో ఉంటే ఎన్ని తక్కువ చప్పుళ్లు చేస్తాడో నాకు అప్పుడే తెలిసింది. నేను వెళ్లి కూర్చుంటే ఆయన మర్యాదగా మాట్లాడేవాడు. జేబులో టీచర్ ఎర్ర పెన్ను ఉండేది. దేనికీ వాడేవాడు కాదు.

ఏడాదికి పైగా అలా గడిచింది. మొన్న ఫిబ్రవరిలో ఓ పొద్దున మళ్లీ టక్ మంది. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. తర్వాత రావలసిన "ఒకటి" రాలేదు. చాలాసేపటికి మళ్లీ టక్. అలా లెక్కలేకుండా, ఎప్పుడు ఆపాలో తెలియనట్టు కొట్టుకుంటూ పోయాడు. నీళ్లు కాగాయని చెప్పేవాళ్లెవరు?

ఏప్రిల్లో పాసు పనికి నన్ను తోడు రమ్మన్నాడు. ఆఫీసులో ఊర్మిళ అనే అమ్మాయి ఉంది, అన్నను ఎరిగిన పిల్లే. ఫారం అందుకుని చూసింది. తర్వాత మెల్లగా, "అంకుల్, ఆంటీ పేరు కొట్టెయ్యాలె గదా" అంది. చూస్తే అలవాటు కొద్దీ 'స్వయం, భార్య' అని నింపాడు. పేరు, వయసుతో సహా. వయసు కూడా ఈ ఏటికి లెక్కకట్టి రాశాడు, అరవై మూడు. ఇంకో ఫారం ఇమ్మన్నాడు. వద్దంకుల్, గీత గీస్తే చాలు అంది ఆ అమ్మాయి. ఆయన గీత గియ్యలేదు. కొత్త ఫారమే తీసుకుని మొదట్నుంచీ నింపాడు.

తిరిగొస్తుంటే మెట్టుగూడ దగ్గర ఆగి అడిగాడు. "నువ్వొస్తవా తిరుమల్? ఊకెనే నడువు నాతోని. కార్డు రాసెటందుకు ఒకలుంటే మంచిగుంటది." నాకు మోకాళ్లు నొప్పులన్నాను. ఉక్కపోత పడదన్నాను. రెండూ అబద్ధాలు కావు. కానీ అవి కారణాలూ కావు. ముసలాయన వెనక గొడుగు పట్టుకుని గడ్డిలో నడుస్తూ 'మూడు, నాలుగు' అనడం నాకు నామోషీ అనిపించింది. అదీ సంగతి. ఆయన మళ్లీ అడగలేదు.

మే రెండోవారంలో పగటి బండికి ఒక్కడే వెళ్లాడు. నాలుగోరోజు తిరిగొచ్చాడు. ఇస్త్రీ బండి దగ్గర పర్వతాలు అడిగితే ఇంకా కూడలేదన్నాడట. నేరుగా మా వరండాలోకి వచ్చి, క్రికెట్ సంచీ గోడకు ఆనించి కూర్చున్నాడు. మొహం నల్లగా కమిలిపోయింది. మెడ మీద చెమటపొక్కులు. మంచినీళ్లు రెండు గ్లాసులు తాగాక నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

బండిలో అటుపక్కా ఇటుపక్కా ఎవరెవరో కూర్చున్నారు, మాటాడే పని పడలేదు. మైదానం కౌంటర్లో అమ్మాయి "ఒక్కరేనా సర్?" అని అడిగింది. అవునన్నాడు. మేడమ్ గారు గొడుగేసుకుని వచ్చేవారు కదా అని ఆ అమ్మాయే గుర్తు చేసింది. ఈ ఏడు రాలేదు అన్నాడట. పోయిందని చెప్పబుద్ధి కాలేదు. ఎండ అలాగే ఉంది. ఒళ్లంతా ఉప్పు. మూడో గుంతకే చొక్కా విప్పి పిండుకున్నాడు. మైదానం మొత్తం మీద ఇంకో మనిషి లేడు, గడ్డి కోసే మిషన్ కూడా నీడకు పోయింది. అలవాటు కొద్దీ కొట్టినప్పుడల్లా అంకె పైకి అన్నాడట. మొదటి గుంతకు ఒకటి, రెండు, మూడు అంటూ ఆరు దాకా అన్నాడు. తన గొంతు తనకే వింతగా వినిపించి, రెండో గుంత నుంచి మనసులో అనుకున్నాడు.

"మంచిగనే ఆడిన" అన్నాడు. అంతకన్నా చెప్పలేదు. జేబులోంచి కార్డు తీసి నా ముందు పెట్టాడు. ఒక్కో గుంతకు ఎన్ని దెబ్బలో పద్దెనిమిది గళ్లలో రాసి ఉంది. చివర మొత్తం వేసే గడి ఖాళీ. కింద సాక్షి సంతకం చోటూ ఖాళీయే. "కూడి పెట్టు. నాకు లెక్కలు రావని ఎరుకే గదా. స్నానం చేసి, జెర పండుకుని సాయంత్రం వస్త" అని లేచాడు. పోతూ పోతూ సంచీలోంచి రబ్బరుబ్యాండు వేసిన చిన్న కట్ట కూడా తీసి కార్డు పక్కన పెట్టాడు. పాత కార్డులు. వాటితో సరిచూడమన్నాడు కాబోలు అనుకున్నాను. సంచీ అక్కడే వదిలి వెళ్లాడు.

భోంచేసి కార్డు ముందేసుకున్నాను. మొదటి తొమ్మిది గుంతలు కూడితే యాభై. తర్వాతి తొమ్మిది నలభై తొమ్మిది. మళ్లీ కూడాను. కాగితం మీద వేసి మూడోసారి కూడాను. తొంభై తొమ్మిది.

మొదట నవ్వొచ్చింది. సాధించాడు ముసలాయన. గోడ దగ్గరికెళ్లి కేకేద్దామని లేచాను కూడా. లేచిన మనిషిని అలాగే నిలబడిపోయాను. వరండాలో ఆ సంచీ ఉంది. ఆమేన్ పడిన మాట. ఈ సాయంత్రం నేను తొంభై తొమ్మిది అన్నానంటే ఆ సంచీ రేపు ఎవరింటికో పోతుంది. ప్రభుదాసన్న మాట తప్పే రకం కాదు. కర్రలు పోతే పొద్దున టక్ లేదు. మే నెల లేదు. ఆ ఇంట్లో గ్లాసు చప్పుడు, కుర్చీ చప్పుడు, అంతే. పదకొండేళ్ల కింద నేనెందుకు అంత గట్టిగా నవ్వానా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏం చెయ్యాలో తోచక పాత కట్ట విప్పాను. టీచర్ రాత చూసి చాలాకాలమైంది. అవే నిలువు అంకెలు, ఏడుకు అడ్డగీత, చివర ఎర్రసున్నాలో నూటొక్కటి. ఊరికే, చేతికి పని కావాలని, 2018 కార్డు కూడాను. తొంభై ఏడు వచ్చింది. ఎక్కడో అంకె దాటేశాను అనుకున్నాను. టీచర్ లెక్క తప్పడం, నా లెక్క ఒప్పవడం, నా జన్మలో జరగలేదు. మళ్లీ కూడాను. తొంభై ఏడే. చివర మాత్రం ఎర్రగా, తీరుబడిగా, 101.

తర్వాతి కార్డు తొంభై తొమ్మిది. చివర 101. కరోనా తర్వాతది తొంభై ఎనిమిది. 101. ఆఖరిది తొంభై ఆరు. 101.

నాలుగు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. దెబ్బలన్నీ నిజమే రాసింది. దేంట్లోనూ ఒకటి ఎక్కువ వెయ్యలేదు, తక్కువ వెయ్యలేదు. పదో తరగతి పిల్లకు అరమార్కు కలిపితే పాసవుతుందని హెడ్‌మాస్టర్ బతిమాలినా కలపని మనిషి. ఆ మనిషి సముద్రం పక్కన, పెరుగన్నం తిన్నాక, మొగుడి కార్డు ఒళ్లో పెట్టుకుని నాలుగేళ్లు దొంగలెక్క వేసింది. మాట నిలబడటానికి నూరని వేసినా చాలు. ఎందుకైనా మంచిదని ఇంకొకటి లాగి నూటొక్కటి దగ్గర పెట్టింది. ఇది ఆ అమాయకుడికి తెలియదు. లెక్కలు రాని మనిషి. తెలిస్తే ఆమేన్ అన్న మాట ఏడేళ్ల కిందే తప్పానని కుమిలిపోతాడు. చెప్పకూడదు అనుకున్నాను.

సాయంత్రం అయిదింటికి ఉతికిన బట్టలు వేసుకుని వచ్చాడు. టీ ఇచ్చాను. తాగి, గ్లాసు కింద పెట్టి, "ఎంతొచ్చింది?" అన్నాడు.

"నూటొక్కటి" అన్నాను.

నా మొహంలోకి చూశాడు. నేను సంచీ వైపు చూస్తూ ఉన్నాను.

"మంచిగ కూడినవా?"

"టీచర్ ఎట్ల కూడేదో గట్లనే కూడిన అన్నా."

ఆయన చేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఆమె సుత గిట్లనే చెప్పేది" అన్నాడు. "ఉన్నది పద్దెనిమిది అంకెలు. గంట కూడేది."

"నీకు ఎరుకేనా?" అన్నాను.

"లేత్ మీద వెంట్రుకల సగం మందం కొలిచినోన్ని తిరుమల్. నాకు నూరు దాక లెక్క రాదా?"

అప్పుడు చెప్పాడు. 2018లో ఆఖరి గుంతలో బంతి పడగానే తొంభై ఏడని ఆయనకు తెలుసు. సంతోషం కలగలేదట. పెరుగన్నం సయించలేదు. ఆవిడ కార్డు కూడుతుంటే గడ్డి పీకుతూ కూర్చున్నాడు. ఎంతకీ తేలదు. చివరికి ఎర్రపెన్నుతో వేసి, సున్నా చుట్టి, నూటొక్కటండీ అంది. ఆయన తలెత్తి చూస్తే ఆవిడ సముద్రం వైపు చూస్తోంది. అయ్యో, మళ్ల పాయె అన్నాడట. వచ్చే ఏడు చూద్దాం లెండి అందట ఆవిడ. అంతే. ఆ తర్వాత ఏనాడూ ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఆయన లెక్కలు రానివాడిగా ఉండిపోయాడు, ఆవిడ లెక్క తప్పనిదిగా ఉండిపోయింది. ఇల్లు, స్కూలు, వర్క్‌షాపు, చర్చి, చుట్టాలు అన్నీ పోను ఏడాదిలో వాళ్లిద్దరికే మిగిలిన నాలుగు రోజులవి. వాటిని ఆవిడ వదులుకోదలచుకోలేదు. ఆయనా అంతే.

మరి దేవుడి ముందు అన్న మాటో అని అడిగాను. దేవునికి నా లెక్క ఎరుకే, ఆమె లెక్క సుత ఎరుకే, ఇన్నేండ్లు ఏమన్లేదు అన్నాడు.

"మరి ఈసారి ఆఖరి గుంత కాడ ఏం చేసినవ్?"

"బంతి జానెడు దూరంల ఉన్నది. అది పడితే తొంభై తొమ్మిది. నిలబడి చూసిన. కావాలని తప్పు కొడదామనుకున్న, చెయ్యి రాలే. పడ్డది." గ్లాసు పక్కకు జరిపాడు. "మేము కూసునే కాడికి పోయి కూసున్న. పెన్ను తీసిన. ఎంత సేపైనా రాయబుద్ధి కాలే. తొంభై తొమ్మిదని రాస్తే ఆట బంద్. నూటొక్కటని నేనే రాసుకుంటే దొంగతనం. తప్పు కూడనీకి సుత ఇంకొకలు కావాలె తిరుమల్."

కట్ట ఇచ్చింది సరిచూడటానికి కాదు, టీచర్ ఎలా కూడేదో నాకు తెలియడానికేనని అప్పుడు అర్థమైంది. చెయ్యి చాపితే జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఇచ్చాడు. ఖాళీ గడిలో 101 వేసి చుట్టూ సున్నా చుట్టాను. కింద సాక్షి సంతకం దగ్గర నా పేరు రాశాను. నా సున్నా టీచర్ సున్నా అంత గుండ్రంగా రాలేదు. ఆయన కార్డును కాసేపు చూసి, నాలుగు కార్డుల మీద అయిదోదిగా పెట్టి, రబ్బరుబ్యాండు వేశాడు. సంచీ భుజానికెత్తుకుని వెళ్లాడు. బయట పర్వతాలు అడిగితే ఏం చెప్పాడో ఇక్కడికి వినపడింది. పర్వతాలు నవ్వాడు.

వచ్చే మే నెలలో నేను వెళ్తాను. నా టికెట్ నేనే కొనుక్కోవాలి, నాకు పాసు లేదు. గొడుగు కూడా కొనాలి.

మర్నాడు పొద్దున అయిదున్నరకు మెలకువగానే ఉన్నాను. గోడకవతల బొంత దులిపిన చప్పుడు. టక్ మంది.

"ఒకటి" అన్నాను, అవతలికి వినపడేలా.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మళ్లీ టక్ మంది.